మైకు కొనే ముందు: ఇంట్లో పాడ్‌కాస్ట్ చేసేవాళ్ల అపోహలు, వాస్తవాలు

రాత్రి పదకొండు దాటి, పక్కింటి టీవీ ఆగి, వీధిలో బైకుల సందడి తగ్గాక, పడగ్గదిలో ఫ్యాన్ ఆపేసి బీరువా తలుపులు రెండూ బార్లా తెరుస్తాను. వేలాడుతున్న బట్టలకు ఎదురుగా కూర్చుని, నా వీపు వెనక తలుపుకి ఒక బొంత వేలాడదీసి మాట్లాడతాను. నాలుగేళ్లుగా నా స్టూడియో అదే.

నేనుండేది తిరుపతిలో. పగలు ఉద్యోగం, రాత్రుళ్లు, ఆదివారాలు ఈ పని. బెల్లం వండేవాళ్లు, కాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు, గంగమ్మ జాతరలో వేషం కట్టేవాళ్లు, ఇట్లా మన వైపు పాత పనులు తెలిసినవాళ్ల మాటలు రికార్డు చేసి వినిపిస్తుంటాను. దీని మీద నాకు డబ్బులు రావు, వాటి కోసం మొదలుపెట్టలేదు కూడా. కొత్తగా పెట్టాలనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు వింటే దాదాపు అందరూ ఒకటే అనుకుంటున్నారనిపిస్తుంది: సామాను మంచిది కొంటే గొంతు దానంతటదే బాగా వస్తుందని. గొంతు బాగా రావాలంటే కావాల్సింది గది, దూరం, ఓపిక. మొదటి రెండింటికీ పెద్ద ఖర్చు లేదు, మూడోదానికి చాలా సమయం పెట్టాలి.

అపోహ: మంచి మైకు లేకుండా మొదలుపెడితే ఎవరూ వినరు.

నా స్నేహితుడొకడు మొదటి ఎపిసోడ్ కూడా చేయకముందే ఎనిమిది వేలు పెట్టి కండెన్సర్ మైకు కొన్నాడు. హాల్లో టేబుల్ మీద పెట్టి రికార్డు చేశాడు. కింద గ్రానైట్, నాలుగు వైపులా సిమెంటు గోడలు, సోఫా తప్ప మెత్తటి వస్తువు ఒక్కటీ లేని హాలు. వింటే బావిలోంచి మాట్లాడుతున్నట్టు ఉంది. కండెన్సర్ మైకు స్వభావమే అది, చిన్న చప్పుడుని కూడా వదలదు, గోడకి తగిలి తిరిగొచ్చే గొంతుని కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. అదే మనిషి చేత నా బీరువా ముందు, అతని ఫోన్‌లోనే, మామూలు వాయిస్ రికార్డర్‌లో మాట్లాడించాను. తేడా విని ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మీ ఇంట్లో ఏ గది మంచిదో తెలుసుకోవడం తేలిక. ప్రతి గదిలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. చప్పట తర్వాత ఖంగుమని సాగితే అక్కడ వద్దు, టక్కున ఆగిపోతే అదే మీ గది. పరుపు, దుప్పట్లు, తెరలు, బట్టలు, ఇవన్నీ శబ్దాన్ని తాగేస్తాయి. చాలామంది ఎదురుగా ఉన్న గోడ గురించే ఆలోచిస్తారు. మైకు చూసేది మన ముఖం వైపు కాబట్టి మన వెనకున్న గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని నేరుగా దాన్లో పడుతుంది. నేను వీపు వెనక బొంత కట్టేది అందుకే.

ఇక దూరం. నోటికీ మైకుకీ మధ్య బెత్తెడు నుంచి జానెడు, అంతకు మించొద్దు. దూరం రెట్టింపైతే నేరుగా చేరే గొంతు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) పడిపోతుంది, గదిలో తిరుగుతున్న ప్రతిధ్వని మాత్రం దాదాపు అలాగే ఉంటుంది, అందుకే దూరంగా కూర్చున్న కొద్దీ గొంతు గదిలో కలిసిపోతుంది. దగ్గరగా మాట్లాడితే ఇంకో చిక్కు, ప, ఫ, బ, భ. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని 'పాపవినాశనం' అనండి, రెండుసార్లు గాలి చేతికి కొడుతుంది. 'ఫలానా', 'భక్తులు' అంటే ఇంకా గట్టిగా తగులుతుంది. ఆ గాలి మైకు మీద పడితే వినేవాళ్ల చెవిలో 'ధబ్' మంటుంది. ఫ, భ లాంటి ఒత్తక్షరాలు మన మాటల్లో వస్తూనే ఉంటాయి కాబట్టి మనకి ఇది ముఖ్యం. మైకుని నోటికి సూటిగా పెట్టకుండా పెదవి చివర పక్కగా, కొంచెం వాల్చి పెట్టుకుంటే గాలి పక్కనుంచి పోతుంది, మాట మాత్రం పడుతుంది.

ఫోన్‌లో చేసేవాళ్లు ఏరోప్లేన్ మోడ్ పెట్టడం మర్చిపోవద్దు, ఫోన్ కింది అంచున ఉండే మైకు రంధ్రాన్ని చేత్తో మూయొద్దు. ఓ పది ఎపిసోడ్లు చేశాక కూడా ఇష్టం తగ్గకపోతే అప్పుడు మైకు కొనండి. మన ఇళ్లకు కండెన్సర్ కన్నా డైనమిక్ మైకు నయం, అది దగ్గరున్న గొంతునే ఎక్కువగా తీసుకుంటుంది. ఎండాకాలంలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం తిరుపతిలో ఎంత కష్టమో నాకు తెలుసు. మే నెలలో పది నిమిషాలు మాట్లాడి, ఐదు నిమిషాలు ఫ్యాన్ వేసుకుని, మళ్లీ ఆపి మాట్లాడతాను. వేరే దారి నాకు దొరకలేదు.

అపోహ: ఎంత చప్పుడున్నా తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తీసేయొచ్చు.

దీన్ని నమ్మి నేను పోగొట్టుకున్నది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చిత్తూరు దగ్గర ఒక పల్లెలో బెల్లం వండే ఒక పెద్దాయనతో మాట్లాడటానికి వెళ్లాను. గానుగ ఇంజను పది అడుగుల్లో తిరుగుతోంది, పక్కన పెనంలో రసం కాగుతోంది. రికార్డర్ మంచం మీద పెట్టి నలభై నిమిషాలు మాట్లాడించాను. పాకం ఎప్పుడు దించాలో ఆయన చేసి చూపించాడు. వేడి పాకం కొంచెం నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, "ఇట్లా గిన్నెకేసి కొడితే ఠంగుమనాల నాయనా, మెత్తగా అతుక్కునిందంటే ఇంకా పొద్దుంది" అన్నాడు. ఇంటికొచ్చి వింటే ఇంజను చప్పుడు, మంచం కిర్రుమనడం తప్ప ఆ ఠంగుమనడం లేదు, మాటల్లో సగం లేవు.

నేను ఎడిటింగ్‌కి వాడే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ అని ఉంటుంది. ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్ల ముక్కని ఎంచుకుని నాయిస్ ఇదీ అని దానికి చూపిస్తాం, అది రికార్డింగ్ మొత్తంలో అలాంటి శబ్దాన్ని తగ్గిస్తుంది. ఫ్యాన్ లాగా, ఏసీ లాగా ఒకే తీరున సాగే హోరుకి అది బాగా పనిచేస్తుంది. కుక్కర్ విజిల్, హారన్, కుక్క అరుపు, ఎక్కీ తగ్గీ కొట్టుకునే ఇంజను, వీటికి పనిచేయదు. ఎక్కువ వాడితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు గుడగుడలాడుతుంది. నేను తగ్గించేది 6 నుంచి 8 డెసిబెల్స్ దాటను. కృత్రిమ మేధతో గొంతుని శుభ్రం చేసే కొత్త పనిముట్లు ప్రతిధ్వనిని కూడా బాగానే తీస్తున్నాయి గానీ, పల్లె మాటల్లో అవి కొన్ని అక్షరాలని మింగేయడం నేను విన్నాను. ఇక గొంతు మరీ పెద్దగా రికార్డయి పగిలిపోతే దాన్ని మళ్లీ సరిగ్గా అతికించే మార్గమే లేదు, అందుకే రికార్డు చేసేటప్పుడు గట్టి మాటలు కూడా రికార్డింగ్ మీటరులో మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

రెండో వారం మళ్లీ వెళ్లాను, ఈసారి చొక్కాకి తగిలించే చిన్న క్లిప్ మైకుతో. ముందు గానుగ దగ్గర ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఇంజను చప్పుడు విడిగా రికార్డు చేసుకుని, తర్వాత ఆయన్ని దూరంగా చింతచెట్టు కింద కూర్చోబెట్టాను. గొంతు స్పష్టంగా వచ్చింది, ఎడిటింగ్‌లో ఇంజను చప్పుడుని సన్నగా కింద కలిపితే వినేవాళ్లకి గానుగ దగ్గరే ఉన్నట్టుంటుంది. కానీ రెండోసారి చెప్పేటప్పుడు ఆయన పాకం సంగతి రెండు ముక్కల్లో ముగించేశాడు. చెప్పిందే కదా అనుకుని ఉంటాడు. మొదటిసారి చెప్పిన మాట రెండోసారి రాదు. అందుకే ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందు ముప్పై సెకన్లు రికార్డు చేసి, అక్కడే ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని, అప్పుడే అసలు ప్రశ్న అడుగుతాను.

అపోహ: మన యాస పనికిరాదు, వార్తలు చదివేవాళ్లలా మాట్లాడాలి.

అన్నిటికన్నా ఎక్కువమందిని ఆపేసేది ఇదే. మా వీధిలో ఒక అక్క జాతర కథలు చెప్పాలని పాడ్‌కాస్ట్ పెట్టింది. వాళ్ల పుట్టింట్లో మగవాళ్లు తరతరాలుగా వేషాలు కట్టేవాళ్లు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఏ రోజుది ఏమిటో, బండ వేషానికి ఒంటికి కుంకుమ ఎలా పూస్తారో ఆమెకి కళ్లకు కట్టినట్టు తెలుసు. మైకు ముందు కూర్చోగానే మాత్రం "శ్రోతలందరికీ నమస్కారం, నేటి కార్యక్రమంలో" అని మొదలుపెట్టేది. మూడు ఎపిసోడ్లు అలాగే పోయాయి. "మనం మాట్లాడేది బయటోళ్లకు నవ్వులాట అవుతుందేమో తమ్ముడూ" అంది.

నేను చేసిందల్లా ఒక్కటే. వాళ్ల చెల్లెల్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, ఇద్దరికీ చెప్పే రికార్డింగ్ పెట్టి, "అక్కా, చిన్నప్పుడు జాతరకి మీ ఇంట్లో ఏం జరిగేదో ఈమెకి గుర్తు చెయ్" అన్నాను. "యాడ పోతా ఉండావే, కూర్చో, నీకప్పుడు అయిదేండ్లు" అని మొదలుపెట్టింది, గంట ఆగలేదు. చిత్తూరు మాటలో ఒకపక్క తమిళం, ఒకపక్క కన్నడం తగులుతూ ఒక లయ ఉంటుంది, దాన్ని అచ్చులో పట్టుకోవడం చాలా కష్టం. గొంతులో అయితే ఉన్నదున్నట్టు వస్తుంది. పాడ్‌కాస్ట్‌కి ఉన్న అసలు బలమే అది అయినప్పుడు దాన్నే తీసేసి ఎవరిలాగో చదవడం ఎందుకు? బయటి జిల్లావాళ్లకి తెలియని మాట వస్తే వెంటనే మామూలు మాటలో ఒకసారి చెప్పేస్తే సరిపోతుంది. ఒంటరిగా మాట్లాడేవాళ్లు తమ మనిషిది ఎవరిదైనా ఫోటో ఎదురుగా పెట్టుకుని వాళ్లకే చెబుతున్నట్టు చెప్పండి. స్క్రిప్టు మొత్తం రాసుకోవద్దు, ఐదారు పాయింట్లు చాలు, తేదీలు, పేర్లు మాత్రం తప్పుపోకుండా కాగితం మీద ఉండాలి.

అపోహ: వీడియో లేకపోతే అది పాడ్‌కాస్ట్ కాదు.

ఈ మాట పుట్టిందే ఆడియోకి. 2004లో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ అనే విలేకరి ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ కలిపి వాడాడు, 2005 జూన్‌లో ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్ట్‌లు చేరాక ప్రచారంలోకి వచ్చింది. వీడియో చేయగలిగితే చేయండి. కానీ కెమెరా పెట్టిన మరుక్షణం ఆ బెల్లం పెద్దాయన లాంటివాళ్లు చొక్కా సర్దుకుని బిగుసుకుపోతారు.

అపోహ: స్పాటిఫైలో, ఆపిల్‌లో ఒక్కో దాన్లో విడివిడిగా అప్‌లోడ్ చేయాలి, దానికి డబ్బు కట్టాలి.

ఆడియోని ఒక హోస్టింగ్ సర్వీసులో, అంటే మన ఫైళ్లని నెట్‌లో ఉంచే చోట పెడతాం, ఉచితంగా ఇచ్చేవి ఉన్నాయి. అది మనకి ఒక ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ లింకు, అంటే మన ఎపిసోడ్ల జాబితా ఉండే లింకు ఇస్తుంది. ఆ లింకుని ఒక్కో యాప్‌లో ఒక్కసారి నమోదు చేస్తే చాలు, ఆ తర్వాత కొత్త ఎపిసోడ్ ఎక్కించిన ప్రతిసారీ అన్నిచోట్లా అదే కనబడుతుంది. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ మూసేశారు, ఫీడ్ ఉన్నవాళ్ల ఎపిసోడ్లు మిగతా యాప్‌లలో అలాగే ఉన్నాయి. అయినా అసలు ఫైళ్లు రెండు చోట్ల దాచుకోండి.

ఒక్క గొంతే అయితే మోనోలో (ఒకే ఛానల్‌లో) 64 కేబీపీఎస్ ఎంపీ3 సరిపోతుంది, అరగంట ఎపిసోడ్ దాదాపు 14 ఎంబీ వస్తుంది, పల్లెలో తక్కువ డేటాతో వినేవాళ్లకి అది మేలు. శబ్దం స్థాయి స్టీరియోకి మైనస్ 16 లఫ్స్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), మోనోకి మైనస్ 19, ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ నొక్కితే అదే సరిచేస్తుంది. కవర్ బొమ్మ చతురస్రంగా, ఒక్కో వైపు 3000 పిక్సెళ్లు ఉంటే మంచిది, ఫోన్‌లో మాత్రం వేలిగోరంత కనబడుతుంది, ఆ సైజులో మన ఒత్తులు, గుణింతాలు ముద్దయిపోతాయి, కాబట్టి రెండు మూడు మాటలకు మించి రాయొద్దు.

అపోహ: 30 సెకన్లలోపు పాట ఎవరిదైనా వాడుకోవచ్చు.

అలాంటి రూలు మన చట్టంలో లేదు. 1957 కాపీరైట్ చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. మన ఊళ్లో ఇంకో మాట కూడా తరచూ వింటాను, అన్నమయ్య కీర్తనలకి కాపీరైట్ ఏముంటుందని. అన్నమయ్య 1503లో పోయారు, ఆ సాహిత్యం అందరిదీ. కానీ రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరాలు లేవు, మనం ఈ రోజు వినే బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. స్వరకర్త పోయాక 60 ఏళ్ల వరకు బాణీకి, విడుదలైన 60 ఏళ్ల వరకు రికార్డింగ్‌కి హక్కులుంటాయి. మా పెద్దమ్మ మనవరాలు వీణ నేర్చుకుంటోంది, తను సొంతంగా అల్లుకున్న ఎనిమిది సెకన్ల ముక్క వాయించి ఇచ్చింది. నా పాడ్‌కాస్ట్ దానితోనే మొదలవుతుంది, చివర తన పేరు చెబుతాను.

అపోహ: మధ్యలో వచ్చే మౌనం, తడబాటు అన్నీ కత్తిరించాలి.

గంట రికార్డింగ్‌కి నాకు నాలుగు గంటల ఎడిటింగ్ పడుతుంది, అందులో మొదటి గంట ఏమీ ముట్టుకోకుండా వినడమే. ఒకే మాట రెండుసార్లు వస్తే తీస్తాను, దారి తప్పిన కబుర్లు తీస్తాను, నా సొంత 'ఊ', 'అవునవును' అన్నీ తీస్తాను. ఎదుటివాళ్ల ఊపిరి తియ్యను, తీస్తే మనిషి మాట మిషను మాటలా అయిపోతుంది. అయ్యాక ఇయర్‌ఫోన్‌లో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, బస్సులో పోతూ ఒకసారి వింటాను. బస్సులో మాట అర్థమైతే ఎక్కడైనా అర్థమవుతుంది.

చింతచెట్టు కింద ఆ పెద్దాయన్ని, పెనం దగ్గర మీతో పాటు ఎవరుండేవాళ్లు తాతా అని అడిగాను. "మా ఇంటామె" అన్నాడు, తర్వాత ఏమీ అనలేదు. ఆడాసిటీలో చూస్తే అక్కడ గీత నేలబారుగా ఏడు సెకన్లు సాగుతుంది, దూరంగా గానుగ ఇంజను కొట్టుకోవడం మాత్రం సన్నగా వినిపిస్తుంది. తర్వాత గొంతు సవరించుకుని, "రసం కాగేటప్పుడు తేరే మడ్డి ఆమే తీసేది, నాకు చేతనయ్యేది కాదు" అన్నాడు. ఆ ఏడు సెకన్లూ ఎపిసోడ్‌లో అట్లాగే ఉన్నాయి.