గుండ్రటి పోనీ మీద జీను ఎందుకు నిలవదు?

స్కాట్లండ్‌కు ఉత్తరాన సముద్రంలో ఉన్న షెట్లండ్ దీవుల పోనీ, అంటే పొట్టి జాతి గుర్రం, మూపు దగ్గర 42 అంగుళాలకు, అంటే 107 సెంటీమీటర్లకు మించి ఎదగకూడదని ఆ జాతి నిబంధన. ఎత్తు అంతే కానీ ఒళ్లు మాత్రం దిట్టం. పొట్టి కాళ్ల మీద వెడల్పాటి రొమ్ము, గుండ్రటి డొక్కలు, చదునైన వీపు. చలిగాలి కొట్టే చోట బతికే జంతువుకు ఇలాంటి ఆకారమే మేలు. ఒంటి పరిమాణంతో పోలిస్తే బయటి చర్మం తక్కువగా ఉంటే లోపలి వేడి అంత త్వరగా పోదు. పైగా అక్కడ దొరికేది ముతక గడ్డి. దాన్ని పెద్దపేగులో నిలవ ఉంచి, పులియబెట్టి సత్తువ లాగాలి కాబట్టి పొట్టలో చోటు కావాలి. హైలండ్, వెల్ష్ పోనీల్లోనూ, ఆల్ప్స్ కొండల హాఫ్లింగర్‌లోనూ ఈ గుండ్రదనం కనిపిస్తుంది. బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్ల పిల్లలు స్వారీ నేర్చుకోవడానికి వెళ్తే, చాలాసార్లు మొదట ఎక్కేది ఇలాంటి పోనీనే.

ఎక్కాక వచ్చే చిక్కు జీనుతో. అది పక్కకు ఒరుగుతుంది, లేదా మెల్లగా భుజాల మీదికి జారుతుంది. అప్పుడు అందరూ చేసే పని ఒకటే: పొట్ట కింద నుంచి జీనును పట్టి ఉంచే పట్టీని, అంటే గర్త్‌ను, ఇంకో రంధ్రం బిగిస్తారు. మళ్లీ జారితే మరో రంధ్రం. ఆ బిగింపుతో సమస్య తీరదు, పోనీకి బాధ మిగులుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు మూపు సంగతి చూడాలి.

గుర్రం మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట వెన్నుపూసల ముళ్లు పైకి లేచి ఉంటాయి. అదే మూపు. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే థరోబ్రెడ్ గుర్రాల్లో ఇది ఎత్తుగా, సన్నగా కనిపిస్తుంది. ఎద్దు మూపురం కాడిని జారకుండా ఆపినట్టే, ఈ ఎత్తు జీనును పక్కలకు తిరగకుండా ఆపుతుంది. గుండ్రటి పోనీలో మూపు కండలోనూ కొవ్వులోనూ కలిసిపోయి చదునుగా ఉంటుంది. జీనుకు ఆనుకునే అంచు దొరకదు. మిగిలేది రాపిడి ఒక్కటే. పట్టీ బిగిస్తే రాపిడి పెరిగే మాట నిజమే. కానీ చర్మం కింద కొవ్వు మందంగా ఉన్నప్పుడు పట్టీ చర్మాన్ని గట్టిగా పట్టుకున్నా, ఆ చర్మమే లోపలి పొర మీద కదులుతుంది. రౌతు నేల మీద నుంచి ఒక్క రికాబులో బరువంతా వేసి ఎక్కాడంటే జీను తిరగడానికి ఇంకేం కావాలి?

ముందుకు జారడానికి కారణం వేరు. బిగించిన ఏ వలయమైనా తక్కువ చుట్టుకొలత ఉన్న చోటు వెతుక్కుంటుంది. గుర్రం ఛాతీ ముందుకాళ్ల మోచేతుల వెనక సన్నగా ఉండి, పొట్ట వైపు వెళ్లేకొద్దీ లావవుతుంది. మోచేయి వెనకనున్న ఆ సన్నటి పల్లంలోకే పట్టీ దిగుతుంది. పోనీల్లో ఈ పల్లం తరచూ బాగా ముందుకు, మోచేతికి ఆనుకునే ఉంటుంది. జీను ఉండాల్సిన చోటు మాత్రం దానికి కాస్త వెనక. జీను నుంచి వేలాడే తోలు వార్లకు పట్టీని తగిలించగానే అది పల్లంలోకి దిగుతూ వార్లను, వాటితో పాటు జీనును ముందుకు లాగుతుంది. ఎంత బిగిస్తే అంత గట్టిగా లాగుతుంది! బిగింపు మందు కాకపోగా జబ్బును పెంచేది ఇక్కడే.

బిగింపుకు ఒళ్లు చెల్లించే మూల్యం కూడా తక్కువేం కాదు. గుర్రానికి కాలర్ ఎముక లేదు. ముందుకాళ్ల మధ్య ఛాతీ, కండరాల ఉయ్యాలలో వేలాడుతూ ఉంటుంది. ఆ కండరాల్లో కొన్ని సరిగ్గా పట్టీ కిందుగానే పోతాయి. అడుగు వేసేటప్పుడు అవి సాగాలి, ముడుచుకోవాలి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పందెపు గుర్రాలను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూస్తే, పట్టీ బిగువు ఎక్కువైనప్పుడు అవి త్వరగా అలసిపోయాయి. బ్రిటన్‌లో 2013లో వెలువడిన మరో అధ్యయనంలో పట్టీ కింద ఒత్తిడి కొలిచే చాప పెట్టారు. ఎక్కువ ఒత్తిడి రొమ్ము ఎముక కింద ఉంటుందని చాలామంది అనుకునేవారు. అది మోచేతుల వెనక కనిపించింది. అక్కడ ఒత్తిడి తగ్గేలా మలిచిన పట్టీ వేస్తే ముందుకాళ్లు ఇంకాస్త ముందుకు చాచగలిగాయి. పరిశోధకుల్లో ఆ పట్టీ రూపకర్తలూ ఉన్నారు కాబట్టి దాన్ని ఆ మేరకే తీసుకోవాలి. అయినా ఒత్తిడి ఎక్కడ పడుతుందో చూపినందుకు ఆ పని విలువైనదేనని నా అభిప్రాయం.

కాబట్టి పట్టీ ఎంచుకునే ముందు పోనీని పక్క నుంచి చూడాలి. చదునైన నేల మీద నిలబెట్టి, జీనును దాని సరైన చోట పెట్టి, వార్లను నిట్టనిలువుగా వేలాడనివ్వాలి. అవి పల్లానికి సూటిగా పైన ఉంటే మామూలు తిన్నని పట్టీ చాలు. పల్లానికి వెనకపడితే ఒంపు తిరిగిన పట్టీ కావాలి. దీని నడిమి భాగం ముందుకు వంగి పల్లంలో కూర్చుంటుంది, బకిల్స్ ఉన్న రెండు కొసలూ వెనక్కి ఉంటాయి. అప్పుడు వార్లు నిలువుగానే నిలుస్తాయి, మోచేతికీ చోటు దొరుకుతుంది. గుండ్రటి పోనీకి నేను మొదట చూడమనేది ఈ రకాన్నే. పొట్ట వెనక్కి లావై, పట్టీ ముందుకే జారే పోనీలకు జీను లోపలి గట్టి చట్రం మొనకు కుట్టించే అదనపు తోలు వారు కూడా సాయపడుతుంది.

పొడవు కొలవడానికి జీను పెట్టి, ఒక వైపు తోలు వారు మధ్య రంధ్రం నుంచి పొట్ట కిందుగా రెండో వైపు మధ్య రంధ్రం దాకా టేపు పట్టాలి. పొట్టి రకం పట్టీలో బకిల్ మోచేతి వెనక పడితే ప్రతి అడుగులో రాసుకుంటుంది. అందుకే అది మోచేతి కన్నా పైన, జీను మెత్త అంచుకు కింద ఉండేలా చూసుకోవాలి. ఎలాస్టిక్ ఉంటే రెండు వైపులా ఉండాలి. ఒక్క వైపే ఉంటే ఆ వైపు సాగి, జీను రెండో వైపుకు లాగుతుంది. ఎలాస్టిక్‌తో మరో ప్రమాదం ఏమిటంటే, చేతికి సులువుగా అనిపించి అవసరానికి మించి బిగించేస్తాం. ఇక పట్టీ దేనితో చేశారన్నది చూస్తే, నియోప్రీన్ అనే రబ్బరు బాగా పట్టుకుంటుంది కానీ చెమట ఆరనివ్వదు, చర్మం పలచనైన పోనీలకు ఒరుపు పుండ్లు రావచ్చు. మొహైర్ (అంగోరా మేక బొచ్చు) దారాలతో అల్లిన పట్టీకి గాలి ఆడుతుంది, పట్టు కూడా ఉంటుంది. తోలు మన్నుతుంది, మెత్తగా ఉండాలంటే శుభ్రం చేసి నూనె పట్టించాలి. వెడల్పాటి పట్టీ అదే బిగువును ఎక్కువ చర్మం మీదికి పంచుతుంది కానీ మరీ వెడల్పైతే మోచేతికి తగులుతుంది.

ఎంత మంచి పట్టీ అయినా జీను లోపం తీర్చలేదు. చట్రం ఇరుకైతే జీను వీపు మీద ఎత్తుగా, అంచు మీద కూర్చున్నట్టు ఉండి ఇట్టే ఒరుగుతుంది. జారుతోందని కింద మందపాటి మెత్తలు పెడితే జీను ఇంకా ఎత్తుకు లేస్తుంది, ఒరగడం ఇంకా పెరుగుతుంది. చదును వీపుకు వెడల్పాటి చట్రం, పలచటి మెత్త కావాలి. ముందుకు జారకుండా తోక కిందుగా పోయే తోలు వారు షెట్లండ్ పోనీలకు చాలాకాలంగా వాడుతున్నదే, అలవాటు చేస్తూ వేస్తే అవి ఒప్పుకుంటాయి. రొమ్ముకు అడ్డంగా కట్టే పట్టీ వెనక్కి జారడాన్నే ఆపుతుంది, ఇక్కడ అక్కరకు రాదు. పిల్లలు ఎక్కేందుకు చిన్న అరుగో బల్లో ఉంటే తీరే బాధ చాలా ఉంది.

పట్టీని ఒక్కసారే బిగించకూడదు. పోనీ కండరాలు బిగపట్టి ఉంటుంది. వదులుగా తగిలించి, కాసేపు నడిపించి, రెండు వైపులా సమంగా రంధ్రాలు పెంచాలి. తర్వాత ముందుకాళ్లను ఒక్కొక్కటిగా ముందుకు చాచితే పట్టీ కింద ముడతపడ్డ చర్మం సర్దుకుంటుంది. ఎక్కే ముందు చదునుగా పెట్టిన వేళ్లు పట్టీ కిందికి వెళ్లాలి. పట్టీ చూడగానే చెవులు వెనక్కి వాల్చడం, కరవబోవడం మొండితనం కాదు, నొప్పి చెప్పుకోవడం కావచ్చు. పశువైద్యుడికి చూపించాలి.

ఇంత గుండ్రదనంలో ఎంత జాతి లక్షణమో, ఎంత కొవ్వో తేల్చుకోవడం కూడా అవసరం. టెక్సస్‌లో హెన్నెకె బృందం 1983లో ప్రచురించిన పద్ధతిలో గుర్రం ఒంటికి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. 5 దగ్గర పక్కటెముకలు కంటికి కనబడవు కానీ వేలితో తడిమితే సులువుగా తెలుస్తాయి. పోనీ పక్కటెముకలు గట్టిగా నొక్కినా తగలకపోతే గిట్టల లోపలి పొరలు వాచే లామినైటిస్ ముప్పు దగ్గర్లో ఉన్నట్టు. మేత తగ్గించి, నడక పెంచితే పోనీ ఒళ్లు తగ్గుతుంది, వసంతంలో కొత్త గడ్డి మీదికి వదిలితే మళ్లీ పెరుగుతుంది. పట్టీ పడుతున్న రంధ్రం సంఖ్యను నెలకోసారి రాసి పెట్టుకుంటే ఆ మార్పు ముందే తెలుస్తుంది. రెండు మూడు రంధ్రాల తేడా వచ్చిందంటే పట్టీతో పాటు జీను చట్రం వెడల్పునూ మళ్లీ సరిచూడాలి.