వీసీ ముందా, రిజిస్ట్రేషన్ ముందా: నెట్‌వర్క్‌లో పాలసీల వెనక కథ

మండల ఆఫీసులో కలెక్టర్ గారి వీసీ (వీడియో కాన్ఫరెన్స్) నడుస్తుండగా పక్క గదిలో ఎవరో స్కాన్ చేసిన ఫైళ్లు ఎక్కించడం మొదలుపెడితే చాలు, మాట తెగిపోతుంది, బొమ్మ ఆగిపోతుంది. అందరూ లైన్‌ను తిట్టుకుంటారు. ఏది ముందు పోవాలో రూటర్‌కు ఎవరూ చెప్పలేదన్న సంగతి ఎవరికీ తట్టదు.

ఒక్క రూటర్‌కు చెప్పడం తేలికే. కన్సోల్ కేబుల్ పెట్టి నాలుగు కమాండ్లు కొట్టి సేవ్ చేస్తే అయిపోతుంది. వందల రూటర్లున్నప్పుడే తంటా. 1988లో వచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీ అనే ప్రొటోకాల్ (పరికరాలు మాట్లాడుకునే పద్ధతి), ఏదైనా పరికరం పనిచేస్తోందా, ఏ పోర్టులో ఎంత ట్రాఫిక్ ఉందో చెప్పేది. సెట్టింగులు మార్చాలంటే మాత్రం ఇంజనీర్లు కమాండ్ లైన్‌నే నమ్ముకున్నారు. 1998లో డిఫ్‌సర్వ్ అనే పద్ధతి ప్యాకెట్లను (నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్కలను) ప్రాధాన్యాన్ని బట్టి తరగతులుగా విడగొట్టింది. దాంతో ఒకే నిబంధన దారిపొడవునా అన్ని రూటర్లలో ఒకేలా ఉండాల్సి వచ్చింది.

ఇలాంటి నిబంధనలను, అంటే పాలసీలను, ఒకేచోట ఉంచి రూటర్లన్నిటికీ చెప్పే ‘పాలసీ సర్వర్’ అనే ఆలోచన బలపడింది అప్పుడే. 2000 జనవరిలో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సంస్థ కాప్స్ అనే ప్రొటోకాల్‌ను ప్రకటించింది. అందులో నిర్ణయం సర్వర్‌ది, అమలు రూటర్‌ది. మరుసటి ఏడాది లండన్ ఇంపీరియల్ కాలేజీలో మోరిస్ స్లోమన్ బృందం పాలసీలు రాయడానికే పాండర్ అనే భాషను తెచ్చింది. కాగితం మీద అంతా బాగుంది. సెట్టింగులు పంపే పనికి మాత్రం కాప్స్ పెద్దగా వాడకంలోకి రాలేదు. మార్పు పూర్తిగా జరగాలి, లేదా పాత స్థితికి తిరిగి రావాలి అన్న ఆపరేటర్ల గోడు విన్నాక 2006లో సెట్టింగులు పంపడానికే నెట్‌కాన్ఫ్ అనే ప్రొటోకాల్ వచ్చింది. తర్వాత స్విచ్‌లను ఒకేచోటి నుంచి నడిపే ఓపెన్‌ఫ్లో, ఈమధ్య ‘ఇంటెంట్’ (ఏం కావాలో చెబితే చాలు, ఎలా చేయాలో నెట్‌వర్కే చూసుకోవడం) అన్న మాట వచ్చాయి.

మన తెలంగాణలో దీని అవసరం 2016 అక్టోబర్ 11న తెలిసి ఉండాల్సింది. ఆ రోజు నల్లగొండ మూడు జిల్లాలైంది. పాలమూరు నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల విడిపోయాయి. నిబంధనల్లో ఫలానా కలెక్టరేట్ అని ఐపీ అడ్రస్‌లు రాసుకున్నవాళ్లు ఇలాంటప్పుడు ప్రతి పెట్టె తెరిచి దిద్దుకోవాల్సిందే. ‘తహసీల్ ఆఫీసు’, ‘కలెక్టరేట్’ అని హోదాతో రాసుకుంటే, ఏ ఆఫీసు ఏ హోదాదో చెప్పే ఒక్క జాబితాలో మారిస్తే సరిపోతుంది. నా దృష్టిలో పాలసీ పద్ధతికి ఇంతకన్నా గట్టి వాదన లేదు.

అయితే 2020 నవంబర్ నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు కూడా తహసీల్ ఆఫీసులకే వచ్చాయి. పట్టా కోసం రైతు బయట కూర్చుని ఉంటే, లోపల వీసీ. రెండింటికీ ‘మొదటి ప్రాధాన్యం’ అని రాస్తే పాలసీ సర్వర్ మహా అయితే నిబంధనలు ఢీకొంటున్నాయని చూపిస్తుంది. ఏది ముందో రాసి సంతకం పెట్టాల్సింది ఆఫీసర్లే. ఆ కాగితం లేని చోట నిర్ణయం రూటర్ సెట్ చేయడానికి వచ్చిన టెక్నీషియన్ చేతిలో ఉంటుంది.