జంటల సిల్హౌట్ ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సూర్యుడు వెనకుంటే చాలు, సిల్హౌట్ (వెలుగు ముందు మనుషులు నల్లటి ఆకారాలుగా కనిపించే ఫొటో) దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఆటో మోడ్‌లో వదిలేస్తే కెమెరా చాలాసార్లు ముఖాలు చూపించాలని ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు) పెంచేస్తుంది. ఆకాశం వెలిసిపోతుంది, మనుషులు బూడిదరంగులో తేలతారు. వెలుతురు కొలత ఆకాశం నుంచే తీసుకోవాలి. స్పాట్ మీటరింగ్‌లో (ఫ్రేమ్‌లో ఒక చిన్న చోటి వెలుతురునే కొలిచే సెట్టింగ్) సూర్యుడికి కాస్త పక్కనున్న ఆకాశాన్ని కొలిచి, ఆ కొలత మారకుండా పట్టి ఉంచే ఏఈ లాక్ నొక్కి, అప్పుడు జంటను ఫ్రేమ్‌లోకి తెచ్చుకోండి. ఫ్లాష్ వద్దు. ఫోకస్ మాత్రం జంట మీదే ఉండాలి. చీకటి ఒంటి మీద ఆటోఫోకస్ తడబడుతుంది కాబట్టి, భుజం ఆకాశాన్ని తాకే అంచు మీద పాయింట్ పెట్టండి. ఫోన్‌లో అయితే హెచ్‌డీఆర్ (చీకటి భాగాలను కూడా వెలుగులోకి తెచ్చే సెట్టింగ్) ఆపి, ఆ అంచు మీదే వేలు నొక్కిపట్టి లాక్ చేసి, బ్రైట్‌నెస్ గుర్తును కిందికి లాగితే సరి.

అపోహ: ఎంత గట్టిగా హత్తుకుంటే అంత ప్రేమ కనిపిస్తుంది.

వాస్తవం: ఎక్కువ ఫొటోలు చెడేది ఇక్కడే. సిల్హౌట్‌లో కళ్లు కనిపించవు, నవ్వు కనిపించదు. ఉన్నదల్లా అంచు ఒక్కటే. రెండు ఒళ్లూ అతుక్కుంటే నల్లటి ముద్ద మిగులుతుంది. నుదుళ్లు ఆనించి, ముక్కుల మధ్య వేలెడు సందు వదలమనండి. ముఖాలు కెమెరాకు పూర్తిగా పక్కకు తిరిగి ఉండాలి. కాస్త ఇటు తిరిగినా ముక్కు, పెదవుల గీత మాయమవుతుంది. ముద్దు ఫొటో పెదవులు కలవబోయే ముందే తీయాలి. మోచేతులు ఒంటికి అంటకూడదు, కాళ్ల మధ్య వెలుతురు కనిపించాలి. వదులు బట్టలు నడుమును మింగేస్తాయి. గాలి ఎటు వీస్తోందో చూసుకోండి, జుట్టు ముఖం మీద పడితే అంచు పోయినట్టే.

అపోహ: వెనక చెట్లు, కొండలు ఉంటే అందం.

వాస్తవం: అవీ నల్లగానే వచ్చి జంటను తమలో కలిపేసుకుంటాయి. గట్టు మీద నిలబెట్టి, కెమెరాను మోకాలి ఎత్తుకు దించితే ఒళ్లంతా ఆకాశం మీదికి వస్తుంది.

అపోహ: సూర్యుడు మునగగానే సర్దేసుకోవచ్చు.

వాస్తవం: చాలాసార్లు మంచి రంగులు వచ్చేది ఆ తర్వాతి 15-20 నిమిషాల్లోనే. వెలుతురు తగ్గేకొద్దీ ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) పెంచండి. షట్టర్ వేగం 1/200 సెకను కంటే తగ్గితే నడిచే జంట అంచులు చెదిరే ప్రమాదం ఉంది.

అపోహ: జంట వెనక పెద్ద సూర్యబింబం ఎడిటింగ్‌లో అతికించిందే.

వాస్తవం: లెన్స్‌తోనే వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో 200 ఎంఎం లెన్స్‌తో బింబం ఫ్రేమ్ ఎత్తులో దాదాపు 13వ వంతు ఉంటుంది, 24 ఎంఎంతో చిన్న చుక్కే. జంటకు బాగా దూరం జరిగి, పొడవు లెన్స్ వాడండి. అయితే సూర్యుడు ఇంకా మండుతున్నప్పుడు ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి (కన్ను ఆనించి లెన్స్ గుండా నేరుగా చూసే కిటికీ) అటు చూడొద్దు, కన్ను దెబ్బతింటుంది. లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ తీసేటప్పుడు) కూడా లెన్స్‌ను సూర్యుడి మీదే నిలిపి ఉంచితే సెన్సర్ పాడవ్వొచ్చు. ఫ్రేమ్ సిద్ధమయ్యేదాకా లెన్స్ పక్కకు తిప్పి ఉంచండి.