తల తిరుగుడు, మెడ కాలరు: అపోహలు - వాస్తవాలు

"మెడ ఎముకలు అరిగాయటండీ, అందుకే తల తిరుగుతోందట." ఈ మాట వినని వారం లేదు నాకు. చేతిలో ఎక్స్-రే, మెడకు కాలరు, ఏళ్ల తరబడి మింగుతున్న మాత్రల చీటీలు.

అపోహ: మెడ అరిగితే తల తిరుగుతుంది.

వాస్తవం: వయసు మీదపడితే మెడ ఎక్స్-రేలో అరుగుదల కనిపించడం మామూలే. తల తిరగనివాళ్లలోనూ కనిపిస్తుంది. అడగాల్సింది ఎప్పుడు తిరుగుతోంది, ఎంతసేపు అని. పక్క మీద ఒత్తిగిలినా, పైకి చూసినా గిర్రున తిరిగి నిమిషంలోపు ఆగిపోతోందంటే ముందు చూడాల్సింది లోపలి చెవి. అక్కడుండే సన్నటి కాల్షియం రేణువులు చోటు తప్పి తల కదలికను పసిగట్టే అర్ధవృత్తాకార నాళంలోకి జారతాయి. ఈ జబ్బు పేరే బీపీపీవీ. కాలరు కట్టినంత మాత్రాన ఆ రేణువులు వెనక్కి రావు.

ఒక పెద్దావిడ రెండేళ్లుగా కుర్చీలోనే నిద్రపోతోంది, పడుకోవాలంటే భయం. తల కుడికి తిప్పి, మంచం అంచు నుంచి కాస్త కిందికి వాలేలా పడుకోబెట్టాను. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత కనుగుడ్లు టకటకా కొట్టుకున్నాయి, రేణువులు జారింది కుడి చెవిలోనే అనడానికి గుర్తు అది. నా మణికట్టు గట్టిగా పట్టేసుకుంది. "కళ్లు తెరిచే ఉంచమ్మా, ఆగిపోతుంది" అన్నాను. ఆగింది. అలాగే తల ఎడమకి, తర్వాత ఒళ్లంతా ఎడమ పక్కకి, ఒక్కో భంగిమలో అర నిమిషం పైన ఉంచి లేపి కూర్చోబెట్టాను. రేణువుల్ని తిరిగి చోటికి చేర్చడానికి 1992లో ఎప్లీ అనే డాక్టరు ప్రచురించిన పద్ధతి ఇది. మళ్లీ పడుకోబెట్టి చూస్తే కళ్లు కదల్లేదు. "అయితే ఇవాళ దిండేసుకుని పడుకోవచ్చా?" అని అడిగింది. ఆ రెండేళ్లు తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

కొందరికి రెండు మూడుసార్లు చేయాలి, మళ్లీ రావచ్చు కూడా. వీడియో చూసి మొదలుపెట్టకండి, ఏ చెవో ముందు తేలాలి.

అపోహ: మాత్రలు వాడుతూ ఉంటే అదే తగ్గుతుంది.

వాస్తవం: వాంతులతో అల్లాడే మొదటి రెండు మూడు రోజులు అవి ఆదుకుంటాయి. నెలల తరబడి వాడితే మెదడు తనంతట తాను సర్దుకోవడం ఆలస్యమవుతుంది. పెద్దవాళ్లు మత్తుకి తూలి పడతారు. ప్రోక్లోర్‌పెరజైన్ లాంటివాటితో చేతులు వణకడం, నడక మందగించడం చూశాను. మీ అంతట మీరు ఆపేయకుండా డాక్టరుని అడగండి.

తక్కినవి క్లుప్తంగా. లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మితే బీపీ పడిపోవడం కావచ్చు, పడుకున్నప్పుడూ నిలబడ్డాకా కొలిపించుకోండి. తలనొప్పి లేకుండానూ మైగ్రేన్ తల తిప్పుతుంది. చెవిలో హోరు, వినికిడి తగ్గడం, గంటల తరబడి తిరుగుడు కలిస్తే మెనియర్ అనే లోపలి చెవి జబ్బేమో చూడాలి.

మెదడులో గడ్డేమోనని రాత్రంతా టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట: ఒత్తిగిలినప్పుడే వచ్చి నిమిషంలో పోయే తిరుగుడు చాలావరకు చెవిదే. కానీ మాట ముద్దగా వస్తున్నా, మూతి వంకరపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఆసరా లేకుండా నిలబడలేకపోయినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. తల తిరుగుడు మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోకండి.