ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో పాట చెడిపోదు: హోమ్ స్టూడియో గురించి అపోహలు, వాస్తవాలు

బతుకమ్మ ఇంకా రెండు నెలలుందనగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. పరకాల, హుజూరాబాద్, జగిత్యాల, మంచిర్యాల... ఊరేదైనా ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఇంట్లనే రికార్డింగ్ పెట్టుకుందామనుకుంటున్న. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోని జేస్తే క్వాలిటీ వస్తదా?"

కాజీపేటలో మా ఇంటి వెనక గదిలో పదకొండేళ్లుగా జానపదాలు, భక్తి పాటలు రికార్డు చేస్తున్నాను. ఆర్డోర్‌లో ట్రాకులు, ఆడాసిటీలో చిన్న ఎడిటింగ్, హైడ్రోజన్‌లో రిథమ్. అన్నీ ఓపెన్ సోర్స్‌వే, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్లు. క్వాలిటీ వస్తుందని ఫోన్లో చెప్తే ఎవరూ నమ్మరు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో సౌండ్ బాగుంటుంది, ఫ్రీ దాంట్లో పల్చగా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌కు సొంత గొంతు లేదు. మైకు పట్టిన శబ్దాన్ని ఇంటర్‌ఫేస్ (మైకుకూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టే పెట్టె) అంకెలుగా మారుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ అంకెలను దాచి, కలిపి, తిరిగి వినిపిస్తుంది, అంతే. ఆర్డోర్ లోపల లెక్కలన్నీ 32 బిట్ ఫ్లోట్ అనే చాలా సూక్ష్మమైన పద్ధతిలో జరుగుతాయి. మన గదిలో ఫ్యాన్ చేసే చప్పుడు ముందు ఆ లెక్కలో వచ్చే తేడా లెక్కలోకే రాదు.

ఒకసారి ఒక గాయకుడు నా ముందే కూర్చుని ఈ మాట మీద గట్టిగా వాదించాడు. ఆయన తెచ్చుకున్న స్టీరియో ఫైలునే ఆయన డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి, నా ఆర్డోర్‌లో ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేశాం. ఏ ఎఫెక్టూ వేయలేదు, ఫేడర్లు కదపలేదు. తర్వాత రెండు ఫైళ్లనూ పక్కపక్కనే పెట్టి, ఒకదాని పొలారిటీ తిప్పి (అంటే దాని తరంగాన్ని తలకిందులు చేసి) కలిపి ప్లే చేశాం. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ వినిపించకూడదు. ఏమీ వినిపించలేదు. ఆయన హెడ్‌ఫోన్ వైరు ఊడిందేమో అని చూసుకున్నాడు. మీకూ అనుమానం ఉంటే మీరే చేసి చూడండి, పది నిమిషాల పని.

ఈ అపోహ మీద ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, జనాలు క్రాక్ వెర్షన్ల (లైసెన్స్ తాళం పగలగొట్టిన దొంగ కాపీల) వెంట పడేది దీనివల్లే. ఖరీదైనదే కావాలి, కొనడానికి డబ్బుల్లేవు, కాబట్టి టెలిగ్రామ్‌లో ఎవరో పెట్టిన లింకు. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమని అందులోనే రాసి ఉంటుంది. ఇంటికి తాళం తీసి పెట్టమని దొంగే చెప్తే తీసి పెడతామా?

మూడేళ్ల కింద ములుగు వైపు నుంచి ఒక తమ్ముడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. వాళ్లమ్మ, చిన్నమ్మలు, వాడకట్టులోని ఆడవాళ్లు కలిసి పాడిన ఆరు బతుకమ్మ పాటలు అందులో ఉన్నాయి. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి యూట్యూబ్‌లో పెట్టాలని రెండు నెలలు కష్టపడ్డాడు. క్రాక్ వేసిన కొన్నాళ్లకు ఒక పొద్దున ఫైళ్ల పేర్లన్నీ మారిపోయాయి. ఒక్కటీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లో డాలర్లు అడుగుతూ ఒక టెక్స్ట్ ఫైలు. బ్యాకప్ పెట్టిన పెన్‌డ్రైవ్ కూడా అప్పుడు దానికే గుచ్చి ఉంది, అదీ పోయింది. రెండు కంప్యూటర్ షాపులు తిరిగి నా దగ్గరకు వచ్చాడు. నేనూ ఏమీ చేయలేకపోయాను. ఆ పిల్లవాడు మా గడప మీద కూర్చుని "మా అమ్మకు ఏమని చెప్పాలె అన్నా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత నేనే మైకులు పట్టుకుని వాళ్ల ఊరికి పోయి రెండు రాత్రుళ్లు కూర్చుని మళ్లీ రికార్డు చేశాం. పొలం పని చేసి వచ్చి, అన్నాలు తిని పాడారు. బాగానే వచ్చాయి. కానీ మొదటిసారి పాడినప్పటి ఊపు రాలేదని వాళ్లే అన్నారు.

అది వాడి తప్పు అని నేను అనను. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి భయపెట్టిన వాళ్లదే తప్పు. "అది లేకుంటే స్టూడియో అనిపించుకోదు" అని ఒక్కరంటే చాలు, కొత్తగా మొదలుపెట్టినవాడికి టెన్షన్ పట్టుకుంటుంది.

ఓపెన్ సోర్స్‌లో ఇంకో నిశ్చింత కూడా ఉంది. ఆర్డోర్ రికార్డు చేసిన ప్రతి టేకునూ మామూలు వేవ్ ఫైలుగా సెషన్ ఫోల్డర్‌లోనే దాస్తుంది. సెషన్ ఫైలు కూడా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవగలిగే టెక్స్టే. ఒకసారి నా ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పోతే, డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కు పెట్టి, ఆర్డోర్ వేసి, అదే రోజు మిక్సింగ్ కొనసాగించాను. లైసెన్స్ కోసం ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.

అపోహ: గోడలకు గుడ్ల ట్రేలు అంటిస్తే సౌండ్‌ప్రూఫ్ అవుతుంది.

అవ్వదు. బయటి శబ్దం ఆగాలంటే బరువు కావాలి: మందమైన గోడ, సందు లేని తలుపు. అట్ట ట్రేలకు బరువెక్కడిది? పైగా నిప్పురవ్వ పడితే గది మొత్తం అంటుకుంటుంది. పీకేయండి.

అసలు మన పాటలను చెడగొడుతున్నది గది. సిమెంటు గోడలు, కింద టైల్స్, ఖాళీ గది. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. టంగుమని మోత వస్తే అదే మోత మీ పాటలో ఉంటుంది. బతుకమ్మ పాటకు చప్పట్లే తాళం కదా, అందుకే చెడ్డ గది ముందు అక్కడే దొరికిపోతుంది. ఇంట్లో ఉన్న బొంతలు నాలుగు తీసి, పాడేవాళ్ల వెనకా, పక్కలా తాడు మీద వేలాడదీయండి. గోడకు ఆనించకుండా జానెడు దూరం ఉంచండి. నేను మొదటి ఐదేళ్లు మా అమ్మ కుట్టిన బొంతలతోనే నెట్టుకొచ్చాను.

ఇలాంటి గదికి చిన్న చప్పుడునూ పట్టేసే కండెన్సర్ మైకు కంటే, అంత సున్నితం కాని డైనమిక్ మైకే నయం. నోటికి దగ్గరగా పెట్టి పాడితే గది మోత తక్కువ పడుతుంది. 1966 నుంచి స్టేజీల మీద తిరుగుతున్న ఎస్ఎం58 లాంటిది చాలు, కాకపోతే దానికి నకిలీలు ఎక్కువ, చూసి కొనండి. డప్పు రికార్డు చేసేటప్పుడు మైకు రెండు అడుగులు వెనక్కి జరిపి, పెద్ద దెబ్బకు కూడా మీటరు మైనస్ 10 డెసిబెల్ దాటకుండా గెయిన్ (ఇంటర్‌ఫేస్ మీద మైకు శబ్దాన్ని పెంచే తిప్పుడు) తగ్గించండి. 24 బిట్‌లో రికార్డు చేస్తే తక్కువ లెవెల్‌తో ఏ నష్టమూ లేదు, తర్వాత పెంచుకోవచ్చు. లెవెల్ మించి చిట్లిన దెబ్బను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. ఇంకొకటి, మంట దగ్గర కాపిన డప్పు చల్లబడేకొద్దీ శ్రుతి దిగుతుంది. పల్లవి ఒక పూట, చరణం ఒక పూట కొడితే రెండూ అతకవు.

నాయిస్ రిడక్షన్ ఉంది కదా అని గది గురించి పట్టించుకోని వాళ్లున్నారు. ఆడాసిటీలోని ఆ పరికరం ఫ్యాన్ హోరు లాంటి ఒకే తీరు చప్పుడును తగ్గిస్తుంది. మా వెనక లైను మీద గూడ్సు బండి హారన్ కొడితే ఏమీ చేయలేదు. బండి పోయేదాకా ఆగి మళ్లీ పాడిస్తాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

లేటెన్సీ భయం, అంటే పాడిన మాట హెడ్‌ఫోన్లో ఆలస్యంగా వినిపిస్తుందని: బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు తీసుకునే శబ్దపు శాంపిళ్ల మూట. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 48 వేల శాంపిళ్లు) 256 శాంపిళ్ల బఫర్ పెడితే ఆ బఫర్ వల్ల వచ్చే ఆలస్యం సుమారు 5.3 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం రెండు మీటర్లు కూడా పోదు అంతలో. అదీ ఇబ్బంది అనిపిస్తే ఇంటర్‌ఫేస్ మీద మైకు శబ్దాన్ని నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపే డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటుంది, నొక్కండి. మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు బఫర్ 1024కు పెంచుకోండి. విండోస్‌కు బదులు వాడే ఓపెన్ సోర్స్ వ్యవస్థ లినక్స్‌లో ఇంటర్‌ఫేస్ పనిచేయదనే మాట కూడా పాతది. యూఎస్‌బీ క్లాస్ కంప్లయంట్ అని ఉన్నది చూసి కొంటే విడిగా డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సిన అవసరమే లేదు.

"ఓపెన్ సోర్స్‌లో చేస్తే పాట మీద హక్కు పోతుందట": పచ్చి అబద్ధం. ఇలాంటి సాఫ్ట్‌వేర్లకు ఉండే జీపీఎల్ అనే లైసెన్స్ ఆ సాఫ్ట్‌వేర్ కోడ్‌కు వర్తిస్తుంది, మీ పాటకు కాదు. యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చిందంటే ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన లూప్ దగ్గరో, ట్యూన్ దగ్గరో వెతకండి.

"ఆడాసిటీ మన మాటలు వింటుందట": 2021లో అది వేరే సంస్థ చేతికి వెళ్లినప్పుడు సమాచార సేకరణ గురించి గొడవ జరిగింది. వాడకాన్ని గమనించే టెలిమెట్రీ ప్రతిపాదనను వినియోగదారులు వ్యతిరేకించడంతో అప్పుడే వెనక్కి తీసుకున్నారు. ఇంకా అనుమానముంటే నెట్ ఆపి వాడుకోండి, బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

తప్పిన స్వరాన్ని శ్రుతికి సరిచేసే ఆటోట్యూన్ కూడా ఉంది, ఎక్స్42 అనే పేరుతో. రాగంలో లేని స్వరాలను ఆపేసే వీలుంది దాంట్లో. జానపదానికి ఎక్కువ వేయకండి, గొంతులోని యాస పోతుంది.

ఇక ఓపెన్ సోర్స్ అంటే సున్నా రూపాయలని కాదు. ఆర్డోర్ సోర్స్ కోడ్ ఉచితం, వాళ్ల సైట్‌లో సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్‌కు ఎంతో కొంత కట్టాలి. ఉబుంటు స్టూడియో (సంగీతం లాంటి పనులకు సిద్ధం చేసిన లినక్స్) వేసుకుంటే అందులో వచ్చేదాన్ని ఏమీ కట్టకుండా వాడుకోవచ్చు. సంపాదన మొదలయ్యాక మాత్రం నేను ప్రతి ఏడూ కొంత పంపుతున్నాను.

ఇప్పటికే క్రాక్ మీద పనిచేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కంగారు పడకండి. ఈ రాత్రికే ప్రాజెక్టులు తెరిచి, ప్రతి ట్రాకునూ పాట మొదటి సెకను నుంచి విడివిడిగా వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. అన్నీ ఒకే చోట మొదలైతే ఆర్డోర్‌లోకి లాగగానే వరుసలో కూర్చుంటాయి. టెంపో (పాట వేగం) ఎంతో కాగితం మీద రాసుకోండి. ఆ వేవ్ ఫైళ్లు మాత్రమే బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, కాపీ అయిన వెంటనే దాన్ని ల్యాప్‌టాప్ నుంచి పీకి పక్కన పెట్టండి.