చెరువు కట్టినందుకు వచ్చిన పొలం

చెన్నై, టి. నగర్

చిరంజీవులైన మనవలకు, మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న ఆదివారం పాత కాగితాలు ఎండలో పరుస్తున్నప్పుడు, కడప జిల్లాలోని మన పొలం పక్కన ‘ఇనాం’ అన్న మాట చదివి, అయితే ఆ భూమిని మన పెద్దలకు ఎవరో ఊరికే ఇచ్చారా అని అడిగారు. ఆ పూట నేను చెప్పిన జవాబు నాకే సరిపోలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఇనాములు పలు రకాలు. పండితులకు అగ్రహారాలు, గుళ్ళకు దేవుడి మాన్యాలు, కరణానికీ తలారికీ కుమ్మరికీ మంగలికీ వారు ఊరికి చేసే పనికి మాన్యాలు ఉండేవి. మనది దశబంధం. వాన తక్కువైన ఆ సీమలో చెరువు ఉంటేనే వరి. సొంత డబ్బుతో చెరువు తవ్వించి, కట్ట వేయించి, తూము పెట్టించినవాడికి, దాని కింద సాగుకు వచ్చిన నేలలో కొంత భాగాన్నో, శిస్తులో కొంత వంతునో పాలకులు విడిచిపెట్టేవారు. ఫలానా చెక్క అని విడదీసి ఇస్తే ఖండం దశబంధం, ఆయకట్టు మొత్తం శిస్తులో వంతుగా ఇస్తే షామిలాతు దశబంధం. మనది ఖండం. కట్ట తెగితే పూడ్చాలి, ఒండ్రు తీయించాలి, అలుగు చెడితే బాగుచేయించాలి. ఈ పని సాగినంత కాలమే ఆ భూమి మనది. కాబట్టి అది ఊరికే వచ్చినది కాదు, నీటికి బదులుగా వచ్చినది.

ఇక కొలత సంగతి. పూర్వం మా వైపు పొలాన్ని విత్తనంతో చెప్పేవారు, ఇన్ని తూముల (ఇది నీటి తూము కాదు, ధాన్యం కొలిచే తూము) విత్తనం పట్టే నేల అని. నేల సారాన్ని బట్టి, చల్లే చేతిని బట్టి అది మారిపోయేది. 1800లో నిజాం కడప ప్రాంతాన్ని కుంపెనీకి వదులుకున్నాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో ఊరూరా కొలత మొదలుపెట్టించాడు. ఇక్కడ చెన్నైలో ఐలాండ్ మైదానం దగ్గర జీను లేని గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఆయనదే. ఆయన మనుషులు వాడినది 33 అడుగుల గొలుసు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న ముక్క ఒక గుంట, అటువంటివి 40 చేరితే ఎకరం. పది గొలుసుల పొడవు, ఎనిమిది గొలుసుల వెడల్పు ఉన్న మడి రెండెకరాలు అవుతుంది, మీరే లెక్క వేసి చూసుకోండి. ఆ తరువాత వచ్చిన సర్వేలో గొలుసు సరిగ్గా దానికి రెట్టింపు, 66 అడుగులు. చేపాక్ క్రికెట్ మైదానంలో ఒక వికెట్టు నుంచి ఇంకో వికెట్టు దాకా ఉండే 22 గజాలు అంతే. ఆ గొలుసుకు వంద లంకెలు. లక్ష చదరపు లంకెలు ఎకరం, వెయ్యి చదరపు లంకెలు సెంటు. నేటికీ మన దస్తావేజుల్లో సెంట్లు రాస్తున్నది ఆ లెక్క ప్రకారమే.

1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్‌ను నియమించింది. ఎవరి దగ్గర ఏ ఇనాం ఉందో, ఎవరు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఎక్కించారు. సనదు, అంటే ఇనాం ఇచ్చినట్టు రాసిన పత్రం, పోయినా, యాభై ఏళ్ళుగా అనుభవంలో ఉన్నట్టు తేలితే హక్కును ఒప్పుకున్నారు. ఇది న్యాయమైన నియమమని నా అభిప్రాయం. చెదలు తినే తాటాకు మీదే ఆధారపడితే ఎన్నో కుటుంబాలు భూమి పోగొట్టుకునేవి. సొంత అనుభవానికి ఇచ్చిన ఇనాములకు ఏటా జోడి అనే కొద్దిపాటి పన్ను విధించి, అమ్ముకునే స్వేచ్ఛతో పట్టాలిచ్చారు. మనకు ఆ స్వేచ్ఛ రాలేదు. మన దగ్గరున్న ఆ రిజిస్టరు నకలులో చివరి గడి చూడండి: చెరువును మరమ్మతులో ఉంచినంత కాలం ఖాయం అని డిప్యూటీ కలెక్టరు అభిప్రాయం. దానికి ముందు గడిలో మా ముత్తాతగారి పేరు, వయసు 46. ఆయన గురించి మన ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క అంకె అది. నేను దాని మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

తరువాత సర్వేవారు వచ్చి, హద్దు వంపు తిరిగిన చోటల్లా రాయి పాతి, పొలాన్ని త్రికోణాలుగా గీసి, నంబరు వేశారు. పని చాలా నికరంగా చేశారు. ఈశాన్యం మూల రాయి నేటికీ కదలలేదు. అయితే పటంలో మన పొలానికి ఒక నంబరు, చెరువుకు మరొక నంబరు. ఈ రెండింటినీ కలిపే గీత ఎక్కడా లేదు. ఇనాములను రద్దు చేసిన 1956 చట్టం కింద రైత్వారీ పట్టా, అంటే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైతుకిచ్చే పట్టా, వచ్చినప్పుడు, మన పట్టాలో విస్తీర్ణం సెంట్లతో సహా ఉంది కానీ చెరువు మాటే లేదు. అయినా మా నాన్నగారు బ్రతికున్నంత కాలం ఏటా వానలకు ముందు కూలీలను పెట్టి తూము దగ్గర ఒండ్రు తీయించారు. ఎవరూ అడగకపోయినా ఎందుకు ఈ ఖర్చు అని నేను ఒకసారి అంటే, రిజిస్టరు నకలు తెచ్చి ఆ చివరి గడి చూపించారు. ఆయన పోయాక నేను ఆ పని ఆపేశాను. మద్రాసులో ఉద్యోగం అనే సాకు చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ తూము సగం పూడిపోయింది.

సంక్రాంతికి ఊరు వెళ్దాం. ముందు పొలం కాదు, కట్ట ఎక్కుదాం. తూము తవ్వడానికి ఎంత అవుతుందో కనుక్కోమని ఊళ్ళో మనిషికి చెప్పాను.

మీ తాతయ్య