సినిమా రేటింగులు, అభిప్రాయాలు: అపోహలు - వాస్తవాలు

శుక్రవారం మ్యాట్నీ వదిలేసరికి మా కడపలో అందరి ఫోన్లలోనూ ఒక అంకె తిరుగుతుంటుంది. రెండున్నర, రెండు ముప్పావు, మూడు. మైదుకూరులోనో కమలాపురంలోనో ఉన్న ఒక కుటుంబం ఆదివారం సినిమాకు రావాలా వద్దా అన్నది దాన్ని చూసే తేల్చుకుంటుంది. నలుగురున్న ఇంటికి టికెట్లు, రానుపోను ఛార్జీలు, ఇంటర్వెల్‌లో పిల్లలకు పాప్‌కార్న్, అన్నీ కలిపితే తక్కువ ఖర్చేం కాదు. చాలా ఏళ్లుగా సినిమా సమీక్షలు రాస్తున్నాను కాబట్టి ఆ అంకె ఎలా పుడుతుందో దగ్గరగా చూశాను. కారణాలు చదవకుండా అంకెను పట్టుకుని ఒక సినిమాను నెత్తిన పెట్టుకోవడం, ఇంకోదాన్ని తోసిపారేయడం చూస్తే నాకు బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: 5కి 3 అన్నా, 10కి 6 అన్నా, 60 శాతం అన్నా ఒకటే.

లెక్కల పుస్తకంలో ఒకటే. సినిమా రేటింగుల్లో మాత్రం మూడింటికీ మూడు అర్థాలు.

తెలుగు సైట్లలో 5కి ఇచ్చే రేటింగులు పావు లెక్కన నడుస్తాయి. 0 నుంచి 5 దాకా చోటున్నా, ఎక్కువ సినిమాలు 2కి, 3.5కి మధ్యే ఇరుక్కుంటాయి. అందుకే 2.5 అంటే సగం మార్కులే అయినా, చదివేవాళ్లకు ‘తేడా కొట్టింది’ అనే అర్థమవుతుంది. 3.25 వచ్చిందంటే పోస్టర్ మీదికెక్కుతుంది. ఆ ముప్పావు తేడాలోనే హిట్టూ ఫట్టూ తేలిపోతాయి.

ఐఎండీబీ అనే సైట్‌లో ప్రేక్షకులే 1 నుంచి 10 దాకా ఓటు వేస్తారు. అక్కడ మనకు కనబడేది నేరుగా తీసిన సగటు కాదు. ఓట్లకు వెయిటేజీ వేసి లెక్క కడతారు. దొంగ ఓట్లు వేసేవాళ్లకు దారి దొరక్కూడదని ఆ లెక్క పూర్తిగా బయటపెట్టరు.

రాటెన్ టొమాటోస్ అనే సైట్‌లో విమర్శకుల శాతం ఇంకో రకం. ఎంతమంది విమర్శకులకు సినిమా బాగుందనిపించిందో అది చెబుతుంది, ఎంత బాగుందో చెప్పదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సినిమాకు పదిమంది విమర్శకులూ 5కి 3 ఇచ్చి ‘పర్లేదు, చూడొచ్చు’ అన్నారు. పదిమందీ సానుకూలమే కాబట్టి దానికి 100 శాతం. ఇంకో సినిమాకు ఏడుగురు 5కి 5 ఇచ్చారు, ముగ్గురు 2 ఇచ్చారు. దానికి 70 శాతమే. కానీ సగటు తీస్తే మొదటిదానికి 3, రెండోదానికి 4.1. శాతం చూసి టికెట్ కొన్నవాళ్లు పర్లేదనిపించుకున్న సినిమాకు పోయి, ఏడుగురు నెత్తిన పెట్టుకున్న సినిమాను వదిలేస్తారు.

సగటులోనూ ఇలాంటి చిక్కే ఉంది. పదిమందిలో ఐదుగురు 10, ఐదుగురు 1 ఇస్తే సగటు 5.5. ఆ పదిమందిలో ఒక్కరికి కూడా సినిమా ‘మధ్యరకం’ అనిపించలేదు. పెద్ద హీరోల సినిమాలకు మొదటి రోజు పడే ఓట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి, అభిమానులు ఒకవైపు, అవతలి హీరో అభిమానులు ఇంకోవైపు. సైట్‌లో ఏ అంకెకు ఎన్ని ఓట్లు పడ్డాయో చూపించే పట్టీ ఉంటే ముందు అది చూడండి. రెండు చివర్లే పొడుగ్గా ఉండి మధ్యలో ఖాళీగా ఉంటే, ఆ సగటును అప్పుడే నమ్మకండి.

అపోహ: బెనిఫిట్ షో చూసొచ్చినోళ్ల మాటే అసలు మాట.

తొలి షోకు వచ్చేది ఎక్కువగా అభిమానులు. హీరో తెర మీద కనబడ్డాక కాసేపు పేపర్ ముక్కలు ఎగురుతూనే ఉంటాయి. ఈలల్లో, అరుపుల్లో డైలాగులు వినబడవు. ఆ షో ఒక పండగ, నాకూ ఇష్టమే. అయితే అక్కడ పుట్టేది హీరో ఎంట్రీ మీద, పాటల మీద అభిప్రాయం. కథ సంగతి అక్కడ తేలదు.

వీలైనంతవరకు నేను శనివారం మ్యాట్నీకి పోయి మామూలు జనం మధ్య కూర్చుంటాను. వెనక వరుసలో కూర్చుంటే హాలంతా కనబడుతుంది. సీన్ పట్టుకున్నంతసేపు హాలు చీకటిగానే ఉంటుంది. పట్టు తప్పిందంటే ముందు ఒక ఫోన్ వెలుగుతుంది, తర్వాత నాలుగు, ఇంకాసేపటికి సీట్ల మధ్య ఎక్కడ చూసినా తెల్లటి వెలుగులే. అది ఏ సీన్ దగ్గర మొదలైందో చీకట్లోనే నోట్సులో గీసుకుంటాను. ఇంటికొచ్చి చూసుకుంటే చాలాసార్లు అది ఫ్లాష్‌బ్యాక్ అయిపోయి కథ మళ్లీ ఇప్పటి కాలానికి వచ్చే చోటే ఉంటుంది. విలన్ ఎవరో, వాడు ఏం చేశాడో తెలిసిపోయింది, ఇక కొట్టుకోవడమొక్కటే మిగిలింది అని జనానికి అర్థమైపోయే చోటు అది. ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్’ అని అందరం అనేస్తాం. ఎక్కడ సాగింది, ఎందుకు సాగింది అని చెప్పినప్పుడే ఆ మాట ఇంకొకరికి పనికొస్తుంది.

అపోహ: సినిమా ఎక్కడ చూసినా ఒకటే.

డిజిటల్ ప్రొజెక్షన్‌కు ఒక ప్రమాణం ఉంది. తెర మధ్యలో వెలుగు 48 నిట్స్ (వెలుగును కొలిచే లెక్క) ఉండాలి. సౌండ్‌కూ అలాంటిదే ఉంది, హాల్లో సౌండ్‌ను నడిపే డాల్బీ ప్రాసెసర్ మీద 7 దగ్గర పెట్టి వింటారన్న లెక్కతో మిక్సింగ్ చేస్తారు. ప్రొజెక్టర్ ల్యాంప్ పాతబడేకొద్దీ వెలుగు తగ్గుతుంది. మోత ఎక్కువైందని ఎవరైనా అంటే సౌండ్ కిందికి దించేస్తారు. అప్పుడు రాత్రి సీన్లు మసకగా కనబడతాయి, గుసగుసగా చెప్పిన డైలాగ్ వినబడదు. మనం బయటికొచ్చి కెమెరామన్‌నీ, సౌండ్ మిక్సింగ్ చేసినవాళ్లనీ తిడతాం. వాళ్లు ఎంతో కష్టపడి చేసిన పని మన దాకా రానే లేదు. కెమెరా, సౌండ్ గురించి చెడ్డగా రాయాల్సి వస్తే ఇంకో హాల్లో చూసేదాకా నేను ఆగుతాను. అభిప్రాయం చెప్పేటప్పుడు ఏ రకం హాల్లో, ఏ షో చూశామో ఒక ముక్క చేరిస్తే చదివేవాళ్లకు ఎంతో మేలు.

అపోహ: కలెక్షన్లు వస్తే మంచి సినిమా, రాకపోతే చెత్త సినిమా.

దీని మీద మా దగ్గర టీ కొట్లలో జరిగినంత వాదన ఇంకోదాని మీద జరగదు. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పోస్టర్ మీద వేసేది గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు. అందులోంచి జీఎస్టీ పోవాలి, థియేటర్ అద్దెలు పోవాలి. ఆ మిగిలిందే షేర్. సినిమా ఆడిందా లేదా అని ట్రేడ్‌వాళ్లు ఆ షేర్‌ను, డిస్ట్రిబ్యూటర్లు సినిమాను కొన్న రేటు పక్కన పెట్టి చూస్తారు.

తెలుగు రాష్ట్రాలను సినిమావాళ్లు నైజాం, వైజాగ్, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, సీడెడ్ అని ఏరియాలుగా పంచుకుంటారు. 1800లో నిజాం నవాబు ఈస్టిండియా కంపెనీవాళ్లకు వదిలేసిన (ఇంగ్లీషులో ‘సీడెడ్’) జిల్లాలు గనక మన రాయలసీమ ఇప్పటికీ ట్రేడ్ లెక్కల్లో సీడెడ్‌గానే ఉంది. ఏ ఏరియా హక్కులు ఆ ఏరియాకు విడిగా అమ్ముడుపోతాయి. ఎన్ఆర్ఏ (నాన్ రిఫండబుల్ అడ్వాన్స్) పద్ధతిలో కొన్నారంటే, సినిమా ఆడకపోయినా కట్టిన డబ్బు వెనక్కి రాదు.

ఇప్పుడు ఒక సినిమాను సీడెడ్‌కు 12 కోట్లకు కొన్నారనుకుందాం. ఇక్కడ 9 కోట్ల షేర్ వచ్చింది. కొన్నవాళ్లకు 3 కోట్ల నష్టం, సినిమా ఫ్లాప్. అదే సినిమాను 6 కోట్లకు కొని ఉంటే 3 కోట్ల లాభం, సూపర్ హిట్. చూసిన జనం వాళ్లే, నవ్విన చోట్లు అవే, ఏడ్చిన చోట్లు అవే. ఫలితాన్ని మార్చింది కొనుగోలు రేటు. ఒక సినిమా నైజాంలో హిట్టయి సీడెడ్‌లో ఫ్లాపయిందని విన్నప్పుడు ‘మనోళ్లకు నచ్చలేదంట’ అని తేల్చేయకండి. ఇక్కడ ఎంతకు కొన్నారో అడగండి.

అపోహ: సీమవాళ్లకు కత్తులు, సుమోలు ఉంటే చాలు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) తీసిన కె.వి.రెడ్డి మన తాడిపత్రిలో పుట్టినవాడు. ‘మల్లీశ్వరి’ (1951) తీసిన బి.ఎన్.రెడ్డిది మా కడప జిల్లా. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయనకే వచ్చింది, దక్షిణాది నుంచి ఆ గౌరవం అందుకున్న తొలి వ్యక్తి ఆయన. తెలుగు సినిమాకు నెమ్మదిని, సంగీతాన్ని, హాస్యాన్ని నేర్పిన వాళ్లలో మన నేల మీద పుట్టినవాళ్లు ఇంతమంది ఉన్నారు. ఫ్యాక్షన్ సినిమాలు ఇక్కడ బాగా ఆడిన మాట నిజం, వేరే ఏరియాల్లోనూ అంతే బాగా ఆడాయి. పైగా ఆ సినిమాల్లో కడప, అనంతపురం, కర్నూలు యాసలన్నిటినీ కలిపేసి ఒకే రకంగా మాట్లాడిస్తుంటే పట్టుకోగలిగేది ఇక్కడి ప్రేక్షకుడే. ఆ తప్పులను సమీక్షల్లో రాయాల్సిన బాధ్యత ఇక్కడి నుంచి రాసే మా మీద ఉంది.

అపోహ: సినిమా భాష తెలిస్తేనే అభిప్రాయం చెప్పాలి.

స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్, డీఐ అనే మాటలు రాకపోయినా ఫర్వాలేదు. ఏ సీన్ నచ్చిందో, ఏది నమ్మబుద్ధి కాలేదో చెప్పగలిగితే చాలు. అప్పుల్లో కూరుకుపోయిన రైతు కథ ఒకటి చూసొచ్చి, మా వీధి బట్టల కొట్లో పనిచేసే ఒకామె నాతో అన్న మాట ఇది: ‘అంత అప్పుల్లో ఉండాడంటాండారు, వాని చొక్కాకు ఒక్క మడత కూడా పడలేదు కదన్నా!’ కాస్ట్యూమ్స్ మీద, దర్శకుడి శ్రద్ధ మీద అంతకంటే సూటిగా నేనేం రాయగలను? ఆమెకు 5కి ఎంత ఇస్తావని అడిగితే ‘ఏమో’ అంటుంది. ఆ అంకె కంటే ఆ చొక్కా సంగతే నాకు ఎక్కువ విషయం చెప్పింది.

అపోహ: ‘ఏ’ (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ వచ్చిందంటే బూతు సినిమా, ‘యూ’ (అందరూ చూడొచ్చు) వచ్చిందంటే మంచి సినిమా.

సెన్సార్ సర్టిఫికెట్ ఎవరు చూడొచ్చో చెబుతుంది, అంతే. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ఇచ్చే సర్టిఫికెట్ అది. హింస ఎక్కువున్నా ‘ఏ’ వస్తుంది. 2023 సవరణతో యూ/ఏను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. పిల్లల్ని తీసుకుపోయేవాళ్లకు ఇది చాలా అవసరమైన సమాచారం, చాలామంది చూడటమే లేదు. నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ‘పిల్లోళ్లతో చూడొచ్చాన్నా?’ అనేదే. 3.25 రేటింగ్ దానికి జవాబు చెప్పదు. నేనైతే సమీక్షలో ఒక వాక్యం దానికోసమే ఉంచుతాను, రక్తం ఎంతుంది, డబుల్ మీనింగులు ఉన్నాయా, చిన్నపిల్లలు భయపడే సీన్లు ఉన్నాయా అని.

అపోహ: రివ్యూలన్నీ డబ్బులకే.

డబ్బులిచ్చి చేయించుకునే ప్రచారం ఉంది. డబ్బు తీసుకుంటే ఆ సంగతి చెప్పాలని ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం కేంద్రం 2023లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. గుర్తుపట్టడానికి ఒక దారి: అందులో ఒక్క సీన్ ప్రస్తావన కూడా ఉండదు. హీరో అదరగొట్టాడు, సంగీతం ప్రాణం పోసింది, నిర్మాణ విలువలు భారీగా ఉన్నాయి అని డిపార్ట్‌మెంటుకు ఒక వాక్యం వస్తుంది. సినిమా చూడకుండానే రాయగలిగిన సమీక్ష అది. అందరినీ ఆ గాటన కట్టేస్తే నిజాయితీగా రాసేవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

అపోహ: సమీక్షలే సినిమాను చంపేస్తున్నాయి.

2024 చివర్లో తమిళ నిర్మాతలు, విడుదలైన మూడు రోజుల దాకా ఆన్‌లైన్ సమీక్షలను ఆపాలని మద్రాస్ హైకోర్టుకు వెళ్లారు. కోర్టు అలాంటి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. అభిప్రాయం చెప్పడం రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగం. నిర్మాతల బాధ నేను అర్థం చేసుకోగలను, కోట్లు పెట్టి మూడేళ్లు తీసిన సినిమా మీద ఇంటర్వెల్‌కే తీర్పు చెప్పేవాళ్లను చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ పెద్ద హీరో సినిమాకు మొదటి మూడు రోజుల టికెట్లు సమీక్షలు రాకముందే చాలావరకు తెగిపోతాయి. పేరున్న ముఖాలు లేని చిన్న సినిమాకు మాత్రం నలుగురు మంచిగా రాస్తేనే ఆదివారానికి ఒక షో పెరుగుతుంది. సమీక్షలు ఆపేస్తే ముందుగా దెబ్బతినేది ఆ చిన్న సినిమాలే.

కథంతా చెబితేనే సమీక్ష అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. మొదటి అరగంటలో తెలిసే సంగతి చెబితే చాలు, మిగతాది చూసేవాళ్ల హక్కు.

అపోహ: వారం దాటితే సమీక్ష ఎవరికీ అక్కర్లేదు.

చుట్టుపక్కల ఊళ్ల జనం పనులు చూసుకుని రెండో వారంలో వస్తారు. ఆ తర్వాత కొన్ని వారాలకే సినిమా ఓటీటీకి వస్తోంది. అప్పుడు మళ్లీ అదే సమీక్షను వెతుక్కుని చదువుతారు, ఈసారి టికెట్ ఖర్చు లేదు, సాయంత్రం రెండున్నర గంటలు పెట్టాలా వద్దా అన్నదే ప్రశ్న. హాల్లో మోత మీద నడిచిన సినిమా ఇంట్లో టీవీలో చప్పగా ఉండొచ్చు. మాటల మీద, ముఖాల మీద నడిచిన సినిమా ఇంట్లోనే బాగుండొచ్చు. అందుకే ఓటీటీకి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లతో కూర్చుని మళ్లీ చూస్తాను. పాత రేటింగ్ ముట్టుకోకుండా, దాని కింద తేదీ వేసి ఇంట్లో ఎలా అనిపించిందో నాలుగు వాక్యాలు చేరుస్తాను.